విజయవాడ అకౌంటెంట్ సీవీ హైదరాబాద్ కంపెనీల వెతుకులాటలో ఎందుకు దొరకడం లేదు

మీరు రాసిన విషయాన్ని నాకు అర్థమైనంత మేరకు ముందుగా చెబుతాను. మీరు బీకాం కంప్యూటర్స్ చదివి, విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల విడిభాగాలు అమ్మే ఒక సంస్థలో 6 ఏళ్లు అకౌంటెంటుగా పనిచేశారు. బిడ్డ పుట్టినప్పుడు ఉద్యోగం మాని 14 నెలలు ఇంటి దగ్గర ఉన్నారు. ఇప్పుడు కుటుంబం హైదరాబాద్‌కు మారుతోంది కనుక గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల్లోని బహుళజాతి సంస్థల ఫైనాన్స్ కేంద్రాలకు దరఖాస్తులు పంపుతున్నారు, కానీ ఒక్క చోటి నుంచి కూడా పిలుపు రాలేదు. సీవీలో సరైన కీవర్డులు లేకపోతే, కంపెనీలు దరఖాస్తుల నిర్వహణకు వాడే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ 75 శాతం సీవీలను మనిషి చూడకముందే తిరస్కరిస్తుందని ఎవరో చెప్పారు. ఉద్యోగ ప్రకటనలోని మాటలన్నిటినీ తెల్ల రంగులో, కంటికి కనిపించకుండా, సీవీ అడుగున అతికించమని సలహా కూడా ఇచ్చారు. అలా చేయవచ్చా, చేయకపోతే మరేం చేయాలి అన్నది మీ ప్రశ్న. ఇటువంటి ఫైనాన్స్ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసే పనిలో నేను హైదరాబాద్‌లో చాలా కాలంగా ఉన్నాను కాబట్టి, అవతలి వైపు తెర మీద ఏం కనిపిస్తుందో చెబితే మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

ముందుగా ఆ 75 శాతం లెక్కను మనసులోంచి తీసివేయండి. దాని వెనుక నమ్మదగిన అధ్యయనం ఏదీ లేదు. రెజ్యూమేలు సవరించే సేవను అమ్ముకుంటూ, 2013లో మూతబడిన ఒక అమెరికన్ సంస్థ ప్రచారం నుంచి పుట్టిన అంకె అది. వర్క్‌డే, టాలియో, సక్సెస్‌ఫ్యాక్టర్స్, గ్రీన్‌హౌస్ వంటి ఏటీఎస్‌లు ప్రధానంగా దరఖాస్తులను భద్రపరచి, విడమరచి, వెతికినప్పుడు చూపించే వ్యవస్థలు. సీవీలో ఫలానా మాట లేదన్న ఒక్క కారణంతో దానంతట అదే తిరస్కార లేఖ పంపడం సాధారణంగా జరిగే పని కాదు. అసలు జరిగేది ఇంతకన్నా మామూలు విషయం: ఒక్క ఉద్యోగానికి వందల దరఖాస్తులు వస్తాయి, రిక్రూటర్ వాటన్నిటినీ తెరవడు, కొన్ని మాటలు టైపు చేసి వెతుకుతాడు, పైన వచ్చిన కొన్నిటిని చదివి తనకు కావలసిన 10 మందో 15 మందో దొరకగానే ఆపేస్తాడు. మిగిలినవారిని ఎవరూ తిరస్కరించలేదు, ఎవరూ చూడలేదు, అంతే. అందువల్ల మీ సీవీ సాఫ్ట్‌వేర్‌ను మోసం చేయవలసిన అవసరం లేదు. వెతికే మనిషి టైపు చేసే మాట మీ కాగితంలో నిజాయితీగా, సరైన చోట ఉండడమే కావలసింది.

అయితే యంత్రం నిజంగానే మిమ్మల్ని ఆపేసే చోటు ఒకటి ఉంది. అది సీవీలో కాదు, దరఖాస్తుతో పాటు అడిగే ప్రశ్నల్లో ఉంటుంది. రాత్రి షిఫ్టులో పనిచేయడానికి సిద్ధమా, నోటీసు పీరియడ్ ఎన్ని రోజులు, సీఏ ఇంటర్ పూర్తి చేశారా, పెద్ద కంపెనీలు లెక్కలకు వాడే శాప్ అనే సాఫ్ట్‌వేర్ మీద కనీసం 2 ఏళ్ల అనుభవం ఉందా వంటి ప్రశ్నలకు మీరిచ్చే జవాబు కంపెనీ పెట్టుకున్న షరతుకు సరిపోకపోతే దరఖాస్తు అక్కడే పక్కకు వెళ్లిపోయేటట్టు అమర్చుకోవచ్చు, చాలా కంపెనీలు అమర్చుకుంటాయి కూడా. దరఖాస్తు పంపిన కొద్ది నిమిషాలకే తిరస్కార సందేశం వస్తే కారణం దాదాపుగా ఇదే అయి ఉంటుంది. ఈ ప్రశ్నలను చాలామంది పరాకుగా నింపుతారు. మీరు ఉద్యోగంలో లేరు కాబట్టి నోటీసు పీరియడ్ అన్న చోట ఖాళీ వదలకుండా, పాత అలవాటు కొద్దీ 30 రోజులు అని రాయకుండా, వెంటనే చేరగలనన్న అర్థం వచ్చే జవాబునే ఎంచుకోండి. హైదరాబాద్‌లో 60, 90 రోజుల నోటీసుతో విసిగిపోయిన రిక్రూటర్లకు అది మీ పక్షాన ఉన్న బలమైన అంశం.

ఇక మీ సీవీ విషయం. మీరు రాసిన పనుల పట్టికను యథాతథంగా ఇక్కడ తిరిగి చెబుతున్నాను: రోజువారీ అకౌంట్స్ నిర్వహణ, పర్చేజ్ మరియు సేల్స్ ఎంట్రీ, పార్టీ పేమెంట్లు, బ్యాంకు పని, జీఎస్టీ పని, అప్ టు ఫైనలైజేషన్ అన్ని అకౌంట్స్ పనులు. బీసెంట్ రోడ్డులోని ఏ ఆడిటరైనా దీన్ని చదివి మీకు పని వచ్చని వెంటనే గ్రహిస్తాడు. కానీ నానక్‌రామ్‌గూడలోని ఫైనాన్స్ కేంద్రంలో కూర్చున్న రిక్రూటర్ వెతుకులాటలో ఈ మాటల్లో ఒక్కటి కూడా ఉండదు. అక్కడ ఒకే సంస్థ లెక్కలను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క బృందానికి అప్పగిస్తారు. కొనుగోలు నుంచి చెల్లింపు దాకా ఉన్న పనిని ప్రొక్యూర్ టు పే అనీ, అమ్మకం నుంచి వసూలు దాకా ఆర్డర్ టు క్యాష్ అనీ, ఖాతాల ముగింపు నుంచి నివేదికల దాకా రికార్డ్ టు రిపోర్ట్ అనీ పిలుస్తారు. మీరు ఒక్కరే ఒక చిన్న సంస్థలో ఈ మూడింటినీ చేశారు. మీ సీవీలో మాత్రం మూడింటిలో దేనికీ పేరు లేదు.

ఇప్పుడు ఒక్కొక్క వాక్యాన్నే తీసుకుందాం, ఎందుకంటే అసలు పని అంతా ఇక్కడే ఉంది. పర్చేజ్ ఎంట్రీ అని మీరు రాసిన పనిలో నిజంగా ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. సరఫరాదారు బిల్లు వచ్చాక దాన్ని ఆర్డరుతోనూ, గోడౌన్‌లో దిగిన సరుకు లెక్కతోనూ సరిచూసి, రేటులో గానీ సంఖ్యలో గానీ తేడా ఉంటే సరఫరాదారుకు ఫోన్ చేసి డెబిట్ నోటు పెట్టి, ఆ తర్వాతే టాలీలో ఎక్కించేవారు కదా. ఈ పనిని, సరఫరాదారుల బిల్లులూ చెల్లింపులూ చూసే అకౌంట్స్ పేయబుల్ విభాగంలో వెండార్ ఇన్వాయిస్ ప్రాసెసింగ్ అంటారు. ఆర్డరు, సరుకు రసీదు, బిల్లు మూడింటినీ పోల్చడాన్ని త్రీ వే మ్యాచ్ అంటారు. మీ సంస్థలో ఆర్డరు కాగితం మీద కాకుండా ఫోన్‌లోనే ఇచ్చేవారైతే త్రీ వే మ్యాచ్ అని రాయకండి, బిల్లును సరుకు రసీదుతో సరిచూశానని మాత్రమే రాయండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే దాని మీద వస్తుంది, అక్కడ తడబడితే మిగిలిన నిజాలను కూడా అనుమానంతోనే చూస్తారు. నెలకు సుమారు ఎన్ని బిల్లులు, ఎంతమంది సరఫరాదారులు అన్నది మీకు తెలిసిన మేరకు అంకెల్లో చెప్పండి. ఫైనాన్స్ కేంద్రాల్లో పనిని బిల్లుల సంఖ్యతోనే కొలుస్తారు కాబట్టి ఆ అంకె ఏ విశేషణం కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

పార్టీ పేమెంట్లు అన్న మాటకు మన ప్రాంతం దాటితే అర్థమే మారిపోతుంది. అక్కడ వెండార్ పేమెంట్స్ అనీ, ఎవరికి ఎన్ని రోజులుగా ఎంత బాకీ ఉందో చూసే పట్టికను వెండార్ ఏజింగ్ అనీ, సరఫరాదారు పంపిన ఖాతా వివరాన్ని మన ఖాతాతో సరిచూడడాన్ని వెండార్ రికన్సిలియేషన్ అనీ రాయాలి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోగా చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ సంవత్సరం ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోనివ్వని నిబంధన 2024-25 మదింపు సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, ఎవరు ఆ కోవలోకి వస్తారో విడదీసి 45 రోజుల గడువు చూసుకునే పని మీలాంటి అకౌంటెంట్ల మీదే పడింది. ఆ పని మీరు చేసి ఉంటే దానికి ఒక పూర్తి వాక్యం ఇవ్వండి, ఎందుకంటే ప్రకటనల్లో ఎంఎస్ఎంఈ కంప్లయన్స్ అన్న మాట ఈ మధ్య తరచుగా కనిపిస్తోంది, అది సీవీల్లో మాత్రం చాలా అరుదు.

బ్యాంకు పని అంటే బ్యాంకు రికన్సిలియేషన్. జీఎస్టీ పని అన్న రెండు మాటల్లో ఎంత దాగి ఉందో చూడండి: ప్రతి నెల 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1, 20వ తేదీలోగా జీఎస్టీఆర్-3బీ రిటర్నులు దాఖలు చేయడం, 14వ తేదీన తయారయ్యే జీఎస్టీఆర్-2బీతో కొనుగోళ్ల రిజిస్టరును పోల్చి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ తేడాలు పట్టుకోవడం, 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు తీయడం, టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థ అయితే 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ చేయడం. ఇవన్నీ వేర్వేరుగా వెతికే మాటలే. జీఎస్టీ పని అని రాసినవారికీ, ఇవి విడివిడిగా రాసినవారికీ మధ్య నైపుణ్యంలో తేడా లేకపోవచ్చు, కానీ వెతుకులాటలో రెండోవారే దొరుకుతారు. టీడీఎస్ కూడా అంతే. మూడు నెలలకొకసారి 26క్యూ అనే టీడీఎస్ రిటర్ను దాఖలు చేసి ఉంటే ఆ పేరుతోనే చెప్పండి. ఇక అప్ టు ఫైనలైజేషన్ అన్నది మంత్ ఎండ్ క్లోజింగ్, ట్రయల్ బ్యాలెన్స్, ప్రొవిజన్లు, స్టాట్యుటరీ ఆడిట్ సపోర్ట్ అన్న నాలుగు పనుల కలయిక. అందులో మీరు స్వయంగా చేసినవి ఏవి, ఆడిటరు చేస్తే మీరు పత్రాలు అందించినవి ఏవి అన్నది వేరుచేసి రాస్తే మీ గౌరవం పెరుగుతుందే కానీ తగ్గదు.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకు ఇది ప్రత్యేకంగా తగులుతుంది. అకౌంట్స్ పేయబుల్‌ను రెండక్షరాల్లో ఏపీ అని రాసి ఊరుకుంటారు. రిక్రూటర్ ఆ రెండక్షరాలతో వెతికితే చిరునామాలో ఆంధ్రప్రదేశ్‌ను అలా రాసిన ప్రతి సీవీ వచ్చి పడుతుంది. ఒక్కసారి ఆ అనుభవం అయినవారెవరూ మళ్లీ పొడి అక్షరాలతో వెతకరు, పూర్తి మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతుకుతారు. అలా వెతికినప్పుడు ఆ మాట అదే వరుసలో ఉన్న సీవీలు మాత్రమే వస్తాయి. కొన్ని కొత్త వ్యవస్థలు పర్యాయపదాలను అర్థం చేసుకుంటాయి, చాలా పాతవి చేసుకోవు. ఏ కంపెనీ ఏది వాడుతుందో మీకు బయటికి తెలియదు కనుక ప్రతి ముఖ్యమైన మాటను మొదటిసారి పూర్తిగానూ, దాని పక్కనే పొడి అక్షరాల్లోనూ రాయండి. అలాగే పదో తరగతిని ఎస్ఎస్‌సీ అని మాత్రమే రాస్తే, షేర్డ్ సర్వీస్ సెంటర్‌ను కూడా అవే అక్షరాలతో పిలిచే ఫైనాన్స్ రంగంలో అది అయోమయం కలిగిస్తుంది. పదో తరగతి అనే రాయండి. 6 ఏళ్ల అనుభవం ఉన్నవారికి ఆ వరుస అసలు అవసరమే లేదన్నది నా అభిప్రాయం.

ఏ మాటలు ఎంచుకోవాలన్నది ఊహతో తేల్చకండి. ఒకే రకం ఉద్యోగానికి చెందిన ఐదారు ప్రకటనలు, అంటే అకౌంట్స్ పేయబుల్ అనలిస్టు ప్రకటనలే ఐదారు, వేర్వేరు కంపెనీలవి తీసుకుని, వాటిని పక్కపక్కన పెట్టుకుని చదవండి. అన్నిటిలోనూ కనిపించే పనుల పేర్లు, సాఫ్ట్‌వేర్ల పేర్లు ఆ ఉద్యోగానికి వెన్నెముక. అవి మీరు చేసినవైతే మీ సీవీలో ఉండి తీరాలి. ఒక్క ప్రకటనలోనే ఉన్నవి ఆ కంపెనీ సొంత అవసరం. ఆ కంపెనీకి పంపే ప్రతిలో మాత్రం చేర్చండి. కష్టపడే స్వభావం, బృందంలో కలిసిపోవడం, ఉత్సాహం వంటి గుణవాచకాలు ప్రకటనల్లో ఎంత కనిపించినా వాటిని మీ సీవీలోకి ఎత్తుకురాకండి, ఎందుకంటే ఏ రిక్రూటరూ ఉత్సాహం అని టైపు చేసి అకౌంటెంటును వెతకడు. మీరు ఇంతవరకు ఒకే సీవీని అకౌంట్స్ పేయబుల్‌కూ, జనరల్ లెడ్జర్‌కూ, పన్నుల విభాగానికీ పంపారు. ఇకమీదట మూడు ప్రతులు ఉండాలి. మూడింటిలోనూ చేసిన ఉద్యోగం, తేదీలు, నిజాలు ఒకటే. ఏ పనులు ముందు వస్తాయి, వేటికి ఎక్కువ వాక్యాలు దక్కుతాయి అన్నదే మారుతుంది.

ఈ మాటలను ఎక్కడ ఉంచాలన్నది కూడా ముఖ్యమే. పైభాగంలో రెండు మూడు వాక్యాల పరిచయం, దాని కింద నైపుణ్యాల వరుస, ఆ తర్వాత ఉద్యోగ అనుభవం ఉంటే చాలు. నైపుణ్యాల వరుసలో ఉన్న ప్రతి మాటకూ అనుభవం భాగంలో ఒక వాక్యం సాక్ష్యంగా నిలబడాలి. వరుసలో వెండార్ రికన్సిలియేషన్ అని ఉండి, కింద ఎక్కడా అది కనిపించకపోతే చదివేవారు ఆ మాటను వదిలేస్తారు. అదే మాటను పదిసార్లు తిప్పి రాయడం వల్ల వచ్చే లాభం కూడా లేదు. ఒకసారి వరుసలో, ఒకసారి పనిలో చాలు. ఉద్యోగం పేరు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మీ నియామక పత్రంలో అకౌంటెంట్ అని ఉంటే దాన్ని అకౌంట్స్ పేయబుల్ అనలిస్ట్ అని మార్చకూడదు, తర్వాత జరిగే తనిఖీలో అది తప్పుడు సమాచారంగా నిలుస్తుంది. అకౌంటెంట్ అని ఉన్నదున్నట్టు రాసి, పక్కనే గీత పెట్టి వెండార్ చెల్లింపులు, జీఎస్టీ, ఖాతాల ముగింపు అని పని స్వభావాన్ని చేర్చవచ్చు. దానిలో దాపరికం లేదు, దొరకవలసిన మాటా దొరుకుతుంది.

తెల్ల రంగు సలహా గురించి స్పష్టంగా చెబుతాను: చేయకండి. సీవీ వ్యవస్థలోకి చేరినప్పుడు సాఫ్ట్‌వేర్ దానిలోని అక్షరాలను మాత్రమే బయటికి తీస్తుంది, రంగు, ఆకారం అక్కడే పోతాయి. మీరు దాచానని అనుకున్న మాటలన్నీ మామూలు అక్షరాలుగా రిక్రూటర్ ముందు తెరుచుకుంటాయి, పైగా వెతికిన మాటలను చాలా వ్యవస్థలు రంగు వేసి చూపిస్తాయి కాబట్టి సీవీ అడుగున ఒక ముద్దగా పడి ఉన్న ఆ మాటలే ముందు కంటపడతాయి. ఆ క్షణంలో మీ 6 ఏళ్ల పని అంతా వెనక్కి వెళ్లి, మోసం చేయబోయిన మనిషి అన్న ముద్ర మిగులుతుంది. ఈ మధ్య కృత్రిమ మేధకు రహస్య ఆదేశాలు రాసి సీవీలో దాచమని చెప్పేవారు కూడా కనిపిస్తున్నారు. దాని గతీ ఇదే. ఇది మీకు చెప్పినవారు మీ మేలు కోరే చెప్పి ఉండవచ్చు, కానీ దీనివల్ల నష్టపోయేది మీరు ఒక్కరే.

సీవీ రూపం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు గానీ, మీరు పంపిన నమూనాలో ఉన్న ఇబ్బందులు చెబుతాను. ఎడమ పక్కన రంగు పట్టీలో ఫోన్ నంబరు, నైపుణ్యాలు, కుడి పక్కన అనుభవం ఉన్న రెండు నిలువు వరుసల డిజైను మీరు వాడారు. కొన్ని వ్యవస్థలు దాన్ని అడ్డంగా చదివి, ఎడమ వరుసలోని మాటనూ కుడి వరుసలోని మాటనూ కలిపి ఒకే వాక్యంగా చేస్తాయి. చదువు వివరాలకు గీసిన పట్టిక పరిస్థితీ అదే, శాతం ఒకచోట, సంవత్సరం మరోచోట పడతాయి. పేజీ పైఅంచులోని హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరును కొన్ని వ్యవస్థలు అసలు చదవవు. కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపితే, అందులోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ అవతల లేనిచోట, అది ఒక బొమ్మ మాత్రమే. మీ ఫైలును తెరిచి, అంతా ఎంపిక చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్కడ వరుసగా, అర్థవంతంగా చదవగలిగితే దాదాపు ఏ వ్యవస్థ అయినా చదవగలదు. ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి, చివర్లో పై వివరాలన్నీ నిజమని చేసే ప్రమాణం ఇవేవీ అక్కర్లేదు. ఆ స్థలాన్ని ఇన్వాయిస్‌ల వాక్యానికి ఇవ్వండి.

పేరు దగ్గర మన తెలుగువారికి ఒక చిక్కు ఉంది. ఇంటిపేరు ముందు పొడి అక్షరాల్లోనో, పూర్తిగానో రాసి, అసలు పేరు చివర రాస్తాం. సాఫ్ట్‌వేర్ మొదటి మాటను మీ పేరుగా, చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటుంది. వర్క్‌డే వంటి చోట సీవీ ఎక్కించాక పెట్టెలు వాటంతట అవే నిండుతాయి, చాలామంది చూసుకోకుండా ముందుకు నొక్కేస్తారు. ఆగి, పాన్ కార్డులో ఉన్న తీరుకు సరిపోయేలా సరిదిద్దండి. పేరుతో పాటు ప్రతి ఉద్యోగం ప్రారంభం, ముగింపు నెల కూడా సరిగా పడిందా చూడండి, ఎందుకంటే మొత్తం అనుభవం ఎన్నేళ్లో వ్యవస్థ ఆ తేదీల నుంచే లెక్కిస్తుంది. సీవీలో కూడా అందుకే సంవత్సరం ఒక్కటే కాకుండా నెల, సంవత్సరం రెండూ, అన్నిచోట్లా ఒకే పద్ధతిలో రాయాలి.

తేదీల మాట వచ్చింది కనుక ఆ 14 నెలల విరామం గురించి మాట్లాడాలి. ఇది మిమ్మల్ని భయపెడుతున్నట్టు మీ ఉత్తరంలోనే తెలుస్తోంది, ఆ భయానికి కొంత ఆధారం కూడా ఉంది. అమెరికా, బ్రిటన్, జర్మనీ దేశాల సంస్థలను పరిశీలించి హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి 2021లో వెలువరించిన నివేదికలో, 6 నెలలకు మించి విరామం ఉన్న దరఖాస్తులను వడపోసే షరతును దాదాపు సగం సంస్థలు వాడుతున్నాయని తేలింది. ఇటువంటి కచ్చితమైన షరతుల వల్ల అర్హులైనవారు కూడా బయటికి పోతున్నారని 88 శాతం యాజమాన్యాలు స్వయంగా అంగీకరించాయి. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. బిడ్డను కన్న తల్లికి లెక్కలు చూసే నైపుణ్యం పోదు. అయినా పాత ఉద్యోగం తేదీని కొన్ని నెలలు పొడిగించి ఆ ఖాళీని పూడ్చే ఆలోచన మాత్రం చేయకండి. భవిష్యనిధి ఉన్న ఉద్యోగమైతే యూఏఎన్ ఖాతాలోని సర్వీసు చరిత్రలో మీరు చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. 20 మంది కన్నా తక్కువ ఉన్న సంస్థ కావడం వల్ల భవిష్యనిధి లేకపోయినా బ్యాంకు ఖాతాలో జీతం జమలు, ఫారం 16, అనుభవ పత్రం అడుగుతారు. ఆఫర్ వచ్చిన తర్వాత తనిఖీలో దొరికిపోతే ఆ ఉద్యోగంతో పాటు ఆ కంపెనీ తలుపు కూడా మూసుకుపోతుంది.

దానికి బదులు విరామాన్ని ఒక వరుసగా, తేదీలతో, సంకోచం లేకుండా రాయండి: ప్రసూతి, పిల్లల పెంపకం కోసం విరామం అని ఒక్క వాక్యం. ఆ కాలంలో తెలిసినవారి దుకాణానికి జీఎస్టీ రిటర్నులు చేసిపెట్టి ఉంటే, ఎక్సెల్‌లో పివట్ టేబుల్స్, ఎక్స్‌లుకప్ నేర్చుకుని ఉంటే, అది కూడా చెప్పండి. విరామం తర్వాత తిరిగి వచ్చే మహిళల కోసం కొన్ని పెద్ద సంస్థలు ప్రత్యేక నియామకాలు నడుపుతాయి; వాటి కెరీర్ పేజీల్లో రిటర్న్‌షిప్ అన్న మాటతో వెతకండి, అక్కడ విరామం అడ్డంకి కాదు, అర్హత.

కంపెనీల సొంత పోర్టళ్ల కన్నా మీకు నౌకరీ అనే ఉద్యోగాల వెబ్‌సైటు ఎక్కువ ఉపయోగపడుతుందని నా అంచనా. అక్కడ మీరు దరఖాస్తు చేయకపోయినా రిక్రూటర్లు రెస్‌డెక్స్ అనే విభాగంలో మాటలు, అనుభవం, జీతం, ఊరు, నోటీసు పీరియడ్ పెట్టి నేరుగా వెతుకుతారు. అందువల్ల సీవీ ఎక్కించి ఊరుకోకుండా రెజ్యూమే హెడ్‌లైన్, కీ స్కిల్స్ అన్న గడులను ఇప్పటిదాకా చెప్పుకున్న మాటలతోనే నింపాలి. ప్రస్తుత ఊరు విజయవాడ అని, ఇష్టపడే ఊరు ఖాళీగా ఉంటే హైదరాబాద్ వెతుకులాటలో మీరు రారు. హైదరాబాద్‌ను ఎంచుకోండి, మారే నెల ఖరారైతే పరిచయ వాక్యంలో చెప్పండి. చాలాకాలంగా లాగిన్ కానివారిని రిక్రూటర్లు వడపోతలో తీసేస్తారు కాబట్టి వారంలో ఒకటి రెండుసార్లు ప్రొఫైల్ తెరిచి, నిజంగా మారిన వివరం ఏదైనా ఉంటే మార్చండి. ఏటీఎస్ స్కోరు 92 వచ్చింది, 60 వచ్చింది అని చెప్పే వెబ్‌సైట్లకు డబ్బు కట్టకండి. అన్ని కంపెనీలకూ కలిపి ఒక ఏటీఎస్ స్కోరు అనేది లేదు. అది ఆ వెబ్‌సైటు తన పద్ధతిలో వేసుకున్న లెక్క మాత్రమే.

కృత్రిమ మేధ సీవీలకు ర్యాంకులు ఇస్తోందని కూడా రాశారు. కొన్నిచోట్ల అది జరుగుతోంది. గతంలో ఎంపికైనవారి సీవీలతో నేర్పిన తన ప్రయోగాత్మక వ్యవస్థ మహిళల దరఖాస్తులను తక్కువ చేసి చూస్తోందని గమనించి అమెజాన్ దాన్ని వదిలేసిన సంగతి 2018లో బయటికి వచ్చింది. న్యూయార్క్ నగరంలో 2023 జులై నుంచి ఇటువంటి సాధనాలకు పక్షపాత తనిఖీ తప్పనిసరి చేశారు, ఐరోపా సమాఖ్య చట్టం నియామకాల్లో వాడే కృత్రిమ మేధను అధిక ప్రమాద కోవలో చేర్చింది. మీ వరకు దీనివల్ల మారేది కొద్దిగానే: ఆ వ్యవస్థలు విడి మాటల కన్నా మాట చుట్టూ ఉన్న సందర్భాన్ని చూస్తాయి కనుక, పైన చెప్పినట్టు ఏ పని, ఎంత పరిమాణంలో, ఏ సాఫ్ట్‌వేర్ మీద చేశారో పూర్తి వాక్యంలో రాయడం అక్కడ కూడా పనికివస్తుంది. సీవీ రాయడానికి చాట్‌జీపీటీ వంటివి వాడితే వాడండి, కానీ మీరు నోటితో పది నిమిషాలు వివరించలేని మాట ఒక్కటి కూడా అందులో ఉండనివ్వకండి.

చివరగా శాప్ విషయం. ప్రకటనల్లో అది తరచుగా ఉంటుంది, మీరు పనిచేసింది టాలీ మీద. అమీర్‌పేటలో నేర్చుకున్న శిక్షణను రెండేళ్ల అనుభవంగా రాసుకోమని సలహా ఇచ్చేవారు మీకు తప్పకుండా ఎదురవుతారు, అంగీకరించకండి. బిల్లు ఎక్కించడానికి ఎఫ్‌బీ60, ఆర్డరుతో కూడిన బిల్లుకు మిరో, సామూహిక చెల్లింపులకు ఎఫ్110 అనే శాప్ కోడ్‌లు ఎలా పనిచేస్తాయో శిక్షణలో నేర్చుకుంటే, దాన్ని శిక్షణ అన్న శీర్షిక కిందే నెల, సంవత్సరంతో రాయండి. శాప్ అన్న మాట వెతుకులాటకు దొరుకుతుంది, అబద్ధమూ ఉండదు. మొదటి నెలలో శాప్ తప్పనిసరి అన్న ప్రకటనలను పక్కన పెట్టి, ఏదైనా ఈఆర్‌పీ, అంటే శాప్ కోవకు చెందిన సాఫ్ట్‌వేర్, మీద అనుభవం చాలన్న అకౌంట్స్ పేయబుల్ ఉద్యోగాలకూ, టాలీ, జీఎస్టీ రెండూ అడిగే మధ్యతరహా సంస్థలకూ ముందు పంపండి, అదీ ప్రకటన పడిన మొదటి రెండు మూడు రోజుల్లోనే. పంపిన ప్రతిసారీ ఆ ప్రకటన పాఠాన్నీ, దానికి పంపిన సీవీ ప్రతినీ కలిపి ఒకే ఫోల్డరులో కంపెనీ పేరు, తేదీతో దాచుకోండి. గడువు ముగిశాక ప్రకటన పోర్టల్ నుంచి మాయమవుతుంది, ఫోన్ మాత్రం మూడు నాలుగు వారాల తర్వాత కూడా రావచ్చు, అప్పుడు ఏ ప్రతి చూసి వారు మాట్లాడుతున్నారో మీ చేతిలో ఉండాలి.